రక్తము గడ్డకట్టనీయని మందులు

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో ఉదయకాలమున నడకకు వచ్చు పెద్దలు అనేకులు. ఆర్ట్సు కళాశాల ముందరి బాట మీదుగా నడచి, ఎండ ముదురకముందే తార్నాక వైపు ఇండ్లకు మరలిపోవు వీరి మాటలలో మోకాళ్ల నొప్పియు, చక్కెర వ్యాధియు, రక్తపు పోటును తరచుగ వినవచ్చును. ఇటీవలి కాలమున నాలుగవ సంగతి యొకటి వీనితో చేరినది. "నాకు రక్తము పలుచబడు మాత్ర ఇచ్చినారండీ" అని యొకరనగా, "అయితే పన్ను పీకించుకొనకండి, రక్తము ఆగదు" అని ప్రక్కవారందురు. "నాలుగు రోజులు మాత్ర మానివేసి పీకించుకొనండి, ఏమియు కాదు" అని మూడవవారు ధైర్యము చెప్పుదురు. రెండు సలహాలును మంచి మనస్సుతో ఇచ్చినవే. రెండును పొరపాటే, రెండవది ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకము.

ఈ మందులను గూర్చియు, వానిని సేవించువారికి శస్త్రచికిత్స అవసరమైనపుడు కలుగు చిక్కును గూర్చియు ఈ ప్రసంగములో వివరింపదలచితిని. ఫలానివారు మాత్ర మానవలెనా, మానరాదా యని నిర్ణయించుట వైద్యుని పని. ఆ నిర్ణయము ఎట్టి లెక్కపై నిలిచియున్నదో తెలిసికొనుట మాత్రము మనకందరకును అవసరము. లెక్క తెలిసినవారు వైద్యుని సరియైన ప్రశ్న అడుగగలరు.

మొదట పేరును గూర్చి ఒక మాట. రక్తమును పలుచబరచు మందు అని మనము వాడుకలో అనుచున్నాము. ఇంగ్లీషువారి వాడుకయు ఇట్టిదే. కాని ఈ మందు వేసికొన్నవారి రక్తము పలుచబడదు. చారులో నీళ్లు పోసినట్లు ఇందేదియు కలియదు. రక్తపు చిక్కదనము మునుపటివలెనే యుండును. గాయము తగిలినచో గడ్డకట్టుటకు పట్టు కాలము మాత్రము పెరుగును. ఇది వట్టి మాటపట్టింపు కాదు. "నా రక్తము పలుచబడినది, అందుచేతనే ఈ నీరసము" అని తలచి మాత్ర మానినవారిని నేనెరుగుదును. వైద్యశాస్త్రమును దేశభాషలో చెప్పుట సులభము కాదు. ఈ విశ్వవిద్యాలయమునకు తోడుగా 1917లో నెలకొల్పబడిన అనువాద శాఖవారు వైద్యగ్రంథములను ఉరుదూలోనికి తెచ్చి, ఆ భాషయందే వైద్యము బోధించుటకు తోడ్పడిరి. అట్టివారి చేతిలో పడినచో ఈ "పలుచన" అను మాట నిలిచియుండెడిది కాదేమో! "గడ్డకట్టనీయని మందు" అనుట మేలని నా అభిప్రాయము.

రక్తము ఎట్లు గడ్డకట్టును? వ్రేలు తెగినంతనే రక్తములోని ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు (డెంగీ జ్వరము వలన ఈ పేరు ఇంటింట తెలిసినదే) తెగినచోట అంటుకొని తాత్కాలికముగ అడ్డుకట్ట వేయును. అది చాలదు. రక్తద్రవములో కరిగియున్న కొన్ని మాంసకృత్తులు వరుసగా ఒకదాని నొకటి మేల్కొలుపుచు, కడపట ఫైబ్రిన్ అను సన్నని దారములై వలవలె అల్లుకొనును. ఆ వలలో రక్తకణములు చిక్కి గడ్డ ఏర్పడును. పాలు తోడుకొన్నట్లని దీనిని పోల్చుదురు గాని, పెరుగు మరల పాలు కానేరదు. రక్తపుగడ్డయో, గాయము మానిన పిదప దేహములోని ఏర్పాటుచేతనే కరిగిపోవును.

ఈ శక్తి లేనిచో క్షౌరమునాటి గాటుకే ప్రాణము పోవును. అయితే ఇదే గడ్డ రక్తనాళము లోపల ఏర్పడినచో ఏమగును? కాలి నరములో ఏర్పడి ఊపిరితిత్తులకు ఎగబ్రాకినచో ఊపిరి ఆగును. గుండెలో ఏర్పడి మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. ఇట్లు జరుగుటకు కారణములు మూడని జర్మను వైద్యుడు విర్కో 19వ శతాబ్దిలోనే సూచించెను: రక్తపు నడక మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తపు స్వభావమే మారుట. శస్త్రచికిత్స ఈ మూడింటిని ఒక్కమారుగ తెచ్చిపెట్టును. రోగి కదలక పడియుండును; నాళములు తెగును; తెగిన దేహము తన్ను తాను రక్షించుకొనుటకై రక్తమును గడ్డకట్టు వైపు త్రోయును. కనుక ఆపరేషను వేళ రక్తము పోవు భయము ఎంత నిజమో, గడ్డ ఏర్పడు భయమును అంత నిజము. మొదటిది కంటికి కనబడును. రెండవది కనబడదు. మనుష్యులు కనబడు దానికే భయపడుదురు.

ఇక మందు పుట్టిన కథ. 1929 ప్రాంతమున కోపెన్‌హేగెన్ నగరములో హెన్రిక్ డామ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలకు క్రొవ్వు తీసివేసిన దాణా పెట్టి పరీక్షలు చేయుచుండగా, వాని చర్మము క్రింద రక్తము చిమ్మి, గాయములనుండి కారు రక్తము ఆగకుండెను. ఆహారములో ఏదియో లోపించినదని గ్రహించి, 1935లో ఆ పదార్థమునకు విటమిన్ కె అని పేరిడెను. గడ్డకట్టుట అను అర్థము గల డేనిషు పదము ఆ యక్షరముతోనే మొదలగును. దాని రసాయన స్వరూపమును తేల్చిన అమెరికా దేశస్థుడు డాయిసీతో కలిపి డామ్‌నకు 1943వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించెను.

దాదాపు ఆ కాలముననే అమెరికా, కెనడా దేశముల చలిప్రాంతములలో పశువులకు వింతవ్యాధి యొకటి వచ్చెను. స్వీట్ క్లోవర్ అను మేత తడిసి బూజుపట్టగా, దానిని మేసిన పశువులకు కొమ్ములు తీయించినను, కోడెలకు విత్తులు కొట్టించినను రక్తము ఆగక చచ్చుచుండెను. శస్త్రచికిత్సకును ఈ మందునకును గల వైరము మందు పుట్టకముందే బయటపడినదన్నమాట. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రమున ఒక రైతు చచ్చిన పెయ్యను, పాలడబ్బా నిండ గడ్డకట్టని రక్తమును తీసికొని మంచుతుఫానులో బయలుదేరి, కార్ల్ పాల్ లింక్ అను రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాల తలుపు తట్టెను. క్రొత్తగా కోసిన గడ్డికి తియ్యని వాసననిచ్చు కౌమరిన్ అను ద్రవ్యము బూజు వలన మారి విషమగుచున్నదని లింకును ఆయన శిష్యులును ఆరేండ్లు శ్రమించి తేల్చిరి. ఆ విషమును ఇంకను తీక్ష్ణముగ మార్చి 1948లో ఎలుకలమందుగ అమ్మిరి. పరిశోధనకు ధనమిచ్చిన సంస్థ పేరులోని మొదటి యక్షరములను కూర్చి దానికి వార్ఫరిన్ అని పేరిడిరి.

1951లో అమెరికా సైన్యములో క్రొత్తగా చేరిన ఒక యువకుడు చావదలచి ఈ ఎలుకలమందును కొన్ని దినములు మ్రింగెను. విటమిన్ కె ఇచ్చి, రక్తమెక్కించగా బ్రతికి బయటపడెను. విరుగుడు గల విషము మందు కాగలదని వైద్యులకు అప్పుడు ధైర్యము కలిగెను. 1954 నుండి మనుష్యుల చికిత్సలో దీనిని వాడుచున్నారు. మరుసటి యేట గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకే దీనిని ఇచ్చిరి. మన దేశమున దీని దాయాదియగు ఎసిట్రోమ్ అను మాత్రయు విరివిగా వాడుకలో నున్నది.

ఈ మందు చేయు పని యేమి? గడ్డకట్టుటకు కావలసిన మాంసకృత్తులు కాలేయములో తయారగును. వానిలో నాలుగింటికి తుదిమెరుగు పెట్టుటకు విటమిన్ కె కావలెను. ఆ మెరుగు లేనిచో అవి పుట్టును గాని పనికిరావు; పిడిలేని కత్తులవలె నుండును. కాలేయము విటమిన్ కె ను ఒకమారు వాడి పారవేయదు; మరల బాగుచేసి వాడుకొనుచుండును. వార్ఫరిన్ ఆ బాగుచేయు పనికి అడ్డుపడును. ముందే తయారైయున్న మాంసకృత్తులు తరుగువరకు మందు పూర్తిగ పని చూపదు. అందుకు నాలుగైదు దినములు పట్టును. మానిన పిమ్మట రక్తము మునుపటి స్థితికి వచ్చుటకును సుమారు అంత కాలమే పట్టును. ఈ అయిదు దినముల సంగతి ముందుముందు మనకు కావలసియున్నది.

ఇప్పుడు మరల తార్నాకకు రావలసియున్నది. విశ్వవిద్యాలయపు ఆవరణకు ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో నీలగిరులలోని కూనూరున మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశీలించుటకై ఏర్పరచిన చిన్న ప్రయోగశాల దీనికి మూలము. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు తాల్చెను. మన దేశపు ఆహారపదార్థములను దేశపు నలుమూలలనుండి తెప్పించి, వానిలో ఏ పోషకము ఎంత కలదో కొలిచి పట్టికలు ప్రకటించుట ఈ సంస్థవారి ముఖ్యకృషిలో నొకటి. 2017లో వెలువరించిన పట్టికలలో 528 పదార్థములు కలవు. విటమిన్ కె లెక్కయు అందు చేరినది. ఆకుపచ్చని ఆకుకూరలే దానికి నిలయములు. పెద్దవారికి దినమునకు కావలసినది 50 మొదలు 120 మైక్రోగ్రాములవరకని వేర్వేరు దేశములవారు లెక్కకట్టియున్నారు. పాలకూర నూరు గ్రాములలో అంతకు కొన్ని రెట్లు లభించును. ఉడికించినను, వేయించినను ఇది నశింపదు. నూనెతో కలిసినచో మరింత చక్కగ ఒంటబట్టును.

ఇది తెలిసినంతనే "వార్ఫరిన్ వేసికొనువారు ఆకుకూర ముట్టరాదు" అని శాసించువారు కలరు. పత్యమునకు మనము పెట్టినది పేరు గదా! రోగియు భయభక్తులతో పాలకూర, తోటకూర, మునగాకు, గోంగూర అన్నియు మానివేయును. నా దృష్టిలో ఇది మంచి సలహా కాదు. పేదవారింట ఇనుము, ఇతర విటమినులు వచ్చు చవకయైన దారి ఆకుకూరయే. పైగా విటమిన్ కె బొత్తిగ తక్కువగ తినువారిలోనే మందు పని ఎక్కువగ ఊగులాడుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి. నిలువ లేని కొట్టులో ఒక్క బస్తా వచ్చినను, పోయినను తేడా పెద్దదిగ కనబడును గదా! కావలసినది మానుట కాదు, నిలకడ. వారమునకు మూడుమార్లు తినువారు మూడుమార్లే తినుచుండవలెను. మాత్ర మోతాదును వైద్యుడు దానికి సరిపరచును. చిక్కెక్కడ వచ్చునన, ఆషాఢములో మునగాకు తినవలెనని ఇంటిల్లిపాదియు వారము దినములు దానినే వండుకొన్నప్పుడు మందు పట్టు తగ్గును. కార్తికములో ఏకభుక్తములతోను, రంజానులో ఉపవాసములతోను ఆహారము మారినప్పుడును, జ్వరము వచ్చి గంజితో గడిపినప్పుడును మందు పట్టు ఎక్కువ కావచ్చును. అట్టి సమయములలో ఒకమారు అదనముగ రక్తపరీక్ష చేయించుకొనుట సులభోపాయము.

ఆహారము సరి, మనిషియు మనిషికి భేదము. ఒకరికి దినమునకు 2 మిల్లీగ్రాముల వార్ఫరిన్ చాలును, మరియొకరికి 10 కావలెను. విటమిన్ కె ను బాగుచేయు పనిముట్టును నిర్మించు జన్యువు 2004లో గుర్తింపబడిన పిదప దీని రహస్యము కొంత తెలిసినది. తార్నాకలోని రసాయన పరిశోధనాలయములో 1977లో పుట్టి, పిదప ఉప్పలు బాటమీద స్వంత ఆవరణము కట్టుకొన్న సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో జన్యువులను చదువువారికి ఇట్టి భేదములు నిత్యపాఠములు. సామాన్యుడు తెలిసికొనవలసినది ఒక్కటే. పొరుగువారి మోతాదు మనకు పనికిరాదు.

మోతాదు సరిపోయినదో లేదో చూపునది ఐ.ఎన్.ఆర్. అను లెక్క. ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క తీరున కొలుచుచుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1980 తరువాతి సంవత్సరములలో అన్నిటిని ఒక్క కొలబద్దకు తెచ్చిరి. మందు వేసికొననివారి లెక్క 1. చాలమంది రోగులకు 2 మొదలు 3 వరకు ఉండవలెను. గుండెలో ఎడమవైపు పై గదికిని క్రింది గదికిని నడుమ లోహపు కవాటము అమర్చబడినవారికి 2.5 మొదలు 3.5 వరకు. 2 కు తగ్గినచో గడ్డ భయము, 4 దాటినచో రక్తస్రావ భయము పెరుగుచు పోవును.

ఈ మందు ఎవరికి ఇత్తురు? చిన్ననాడు గొంతునొప్పితో మొదలై కీళ్లవాతముగ మారి, కడకు గుండె కవాటములను చెరుచు వ్యాధి మన దేశమున ఇంకను కలదు. చెడిన కవాటము తీసి కృత్రిమ కవాటము పెట్టుదురు. 1990లో తిరువనంతపురపు శ్రీచిత్ర సంస్థవారి కవాటము వాడుకలోనికి వచ్చిన తరువాత ఇది మనవారికి కొంత చవకగ దొరకుచున్నది. లోహపు కవాటముమీద రక్తము గడ్డకట్టుటకు చూచుచుండును. కనుక వారికి జీవితాంతము మందు తప్పదు. మందు లేనిచో అట్టివారు నూరుమందిలో ఏటికి సుమారు నలుగురికి గడ్డ వలన తీవ్రమైన ఆపద కలుగుననియు, వార్ఫరిన్ వలన అది సుమారు ఒక్కరికి తగ్గుననియు లెక్కలు కలవు. ముసలితనమున గుండె పై గదులు లయ తప్పి కొట్టుకొనువారు రెండవ తెగ. వీరికి పక్షవాతపు భయము వార్ఫరిన్ వలన మూడింట రెండువంతులు తగ్గును. కాలి నరములలో గడ్డ వచ్చినవారు మూడవ తెగ. ఇందుకు చెల్లించు వెల యేమనగా, వార్ఫరిన్ సేవించువారిలో నూటికి ఒకరు మొదలు ముగ్గురివరకు ఏటేట పెద్ద రక్తస్రావమునకు లోనగుదురు. వెల లేని మందు కాదు. గర్భవతులకు వార్ఫరిన్ శిశువునకు హాని చేయును గనుక, కవాటము మార్పించుకొన్న యువతులు గర్భము తలచకముందే వైద్యునితో మాటలాడవలెను.

ఇక ఆపరేషను. అన్ని ఆపరేషనులును ఒక్కటి కావు. పన్ను తీయుట, కంటి శుక్లము తీయుట, చర్మముమీది చిన్న కణితిని కోయుట వంటివానిలో రక్తము కారినను కంటికి కనబడుచోట కారును, అదిమిపట్టిన ఆగును. కనుక మందు మానకయే చేయవచ్చును. ఒకటి రెండు పండ్లు పీకుటకు ఐ.ఎన్.ఆర్. 4 కు లోపుగ నున్నచో మాత్ర మానవలదని దంతవైద్యుల మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ పరీక్ష 24 గంటలలోపల, చాలకాలముగ నిలకడగ నున్నవారికి 72 గంటలలోపల చేయించినదై యుండవలెను. పీకినచోట కుట్టువేసి, దూది అదిమి, అవసరమైనచో ట్రానెక్సామిక్ ఆమ్లముతో నోరు పుక్కిలింపజేయుదురు. ఇది ఏర్పడిన గడ్డను తొందరగ కరుగనీయని మందు. 1962లో జపానులో ఉతాకో ఒకామోతో అను విదుషియు ఆమె భర్తయు దీనిని లోకమునకు తెలిపిరి. ప్రసవములో అధిక రక్తస్రావము వలన తల్లులు చనిపోకుండుటకై ఆమె వెదకిన మందు నేడు పంటివైద్యుని బల్లమీదను, ప్రమాదములలో గాయపడినవారి చికిత్సలోను చోటు సంపాదించుకొన్నది.

మెదడు, వెన్నెముక, మూత్రగ్రంథి వంటి చోట్ల శస్త్రచికిత్సయు, పెద్ద కణితులు తీయుటయు వేరు సంగతి. అచ్చట కొంచెము రక్తము కారినను కీడు పెద్దది; వ్రేలితో అదిమిపట్టుటకు వీలులేదు. నడుములో సూదిపొడిచి మత్తు ఇచ్చుటయు ఇందులోనికే వచ్చును. వెన్నుపాము చుట్టును రక్తము గడ్డకట్టినచో కాళ్లు పడిపోవచ్చును. అందుచేత కోత చిన్నదైనను, "ఏ మత్తు ఇత్తురు" అని అడుగుట అవసరము. ఇట్టివానికి వార్ఫరిన్‌ను అయిదు దినములు ముందు మానిపింతురు. ఎసిట్రోమ్ త్వరగ దిగిపోవు మందు గనుక అంతకు తక్కువ దినములు చాలును.

ఈ అయిదు దినముల కాలమున రోగికి రక్షణ యేది? ఈ ప్రశ్నకు చాలకాలము వైద్యులు చెప్పిన సమాధానము హెపారిన్. అది వేగముగ పనిచేసి వేగముగ దిగిపోవు సూదిమందు. మాత్రకును మాత్రకును నడుమ దీనిని ఇచ్చుటకు వంతెన వేయుట అని పేరు. వినుటకు ఎంతయు సమంజసముగ నున్నది. అయినను నిజముగ మేలు జరుగుచున్నదా యని కొలిచి చూచినది చాల ఆలస్యముగ. 2015లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరీక్షలో గుండె లయ తప్పిన 1,884 మంది రోగులను రెండు తెగలుగ విభజించి, ఒక తెగకు హెపారిన్‌జాతి సూదిమందును, రెండవ తెగకు వట్టి సూదిని ఇచ్చిరి. గడ్డ వలని ఆపద వంతెన వేసినవారిలో నూటికి 0.3, వేయనివారిలో 0.4; అనగా భేదము లేదన్నమాటే. పెద్ద రక్తస్రావము మాత్రము వంతెన వేసినవారిలో నూటికి 3.2, వేయనివారిలో 1.3. దశాబ్దములుగ రక్షణయని తలచినది రక్షణ కాకపోగా, హాని రెట్టింపునకు మించెను. అయితే ఈ ఫలితమును అందరికిని అంటగట్టరాదు. లోహపు కవాటములవారును, మూడునెలలలోపల పక్షవాతము వచ్చినవారును ఈ పరీక్షలో లేరు. వారి విషయమున వంతెన అవసరమా యన్నది ఇప్పటికిని ఒక్కొక్క రోగిని బట్టి తేల్చుకొనవలసినదే.

ఆస్పిరిన్ తోవ వేరు. అది కాలేయపు జోలికి పోదు. ప్లేట్‌లెట్లను చేతకానివానిగ చేయును. ప్లేట్‌లెటు ఆయువు పది దినములకు మించదు గనుక, క్రొత్తవి పుట్టువరకు వారము దినములకు పైగా దాని ఫలితముండును. 2014లో వెల్లడియైన పరీక్షలో గుండెకు సంబంధింపని ఆపరేషనులు చేయించుకొనిన పదివేలమందికి పైగా రోగులలో, ఆపరేషను వేళ ఆస్పిరిన్ ఇచ్చుట వలన గుండెపోటులు తగ్గలేదు; పెద్ద రక్తస్రావము నూటికి 3.8 నుండి 4.6 కు పెరిగెను. కాని గుండె నాళములో ఇటీవల స్టెంటు వేయించుకొన్నవారు ఈ మాట విని మాత్ర మానినచో, ఆ స్టెంటులోనే గడ్డకట్టి క్షణములలో ప్రాణము పోవచ్చును. అట్టివారు హృదయవైద్యుని అడుగక ఒక్క పూటయు మానరాదు. వీలైనచో ఆపరేషనునే కొన్ని నెలలు వాయిదా వేయుదురు.

2010 మొదలు డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అను క్రొత్త మాత్రలు వచ్చినవి. ఆకుకూరతో వీనికి తగవు లేదు, మాటిమాటికి ఐ.ఎన్.ఆర్. చూడనక్కరలేదు; మెదడులో రక్తస్రావము వార్ఫరిన్ కంటె తక్కువ. ఇవి త్వరగ దిగిపోవును. మూత్రపిండములు చక్కగ నున్నవారు చిన్న ఆపరేషనునకు ఒక దినము, పెద్దదానికి రెండు దినములు ముందు మానిన చాలునని 2019లో ప్రకటింపబడిన పరీక్షలో తేలెను. అట్లు చేసిన మూడువేలమందిలో పెద్ద రక్తస్రావము నూటికి ఇద్దరికి లోపే. ఇన్ని సుగుణములు విన్నవారు "నాకును అదే మాత్ర వ్రాయండి" అని అడుగుట సహజము. లోహపు కవాటములవారికి ఇవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో చేసిన ప్రయత్నమును కీడు కనబడుటచేత నడుమనే ఆపివేసి 2013లో ఆ సంగతి ప్రకటించిరి. కీళ్లవాతమువలన గుండె కవాటములు చెడి, లయయు తప్పినవారిలో, మన దేశమును కలుపుకొని 24 దేశములలో నాలుగువేల అయిదువందలమందికి పైగా రోగులపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, రివరాక్సబాన్ పుచ్చుకొన్నవారికంటె పాతకాలపు వార్ఫరిన్ జాతి మందు పుచ్చుకొన్నవారే ఎక్కువమంది బ్రతికిరి. ధర హెచ్చినంతమాత్రమున మందు మేలైనది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఆపరేషను లేకుండగనే రక్తస్రావము తెచ్చుకొను మార్గములు మన వీధులలో చాల కలవు. మోకాలినొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండ కొన్న డైక్లోఫెనాక్ మాత్ర కడుపులో పుండు పుట్టించి, గడ్డకట్టనీయని మందుతో కలిసి ప్రమాదము తెచ్చును. విరేచనములకు వాడు మెట్రోనిడజోల్ వార్ఫరిన్ బలమును హెచ్చించును. క్షయరోగపు రిఫాంపిసిన్ దానిని తగ్గించును. ఒంటినొప్పులకు ఆర్.ఎం.పి. వైద్యునిచేత పిరుదుమీద సూది వేయించుకొనుట మనవారికి అలవాటు. ఈ మందులవారికి ఆ కండలో రక్తము నిండి పెద్ద గడ్డయై కాలు కదపలేని స్థితి రావచ్చును. తారువలె నల్లని మలము, ఎర్రని మూత్రము, చిగుళ్లనుండి ఆగని రక్తము, కారణము లేని నల్లని మచ్చలు కనబడినచో మరునాటికి ఆగరాదు. తలకు దెబ్బ తగిలినచో, బయట గాయము లేకున్నను, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

ఆపరేషను తరువాత మందును మరల ఎప్పుడు మొదలుపెట్టవలెనన్నది చాలమంది అడుగ మరచు ప్రశ్న. వార్ఫరిన్ పనిచేయుటకు దినములు పట్టును గనుక సామాన్యముగ ఆ సాయంకాలమో మరునాడో మొదలుపెట్టింతురు. క్రొత్త మాత్రలు కొన్ని గంటలలోనే పనిచేయును గనుక చిన్న ఆపరేషనునకు ఒక దినము, పెద్దదానికి రెండు మూడు దినములు ఆగుదురు. ఇంటికి పంపునప్పుడు చీటీమీద ఈ తేదీ వ్రాయించుకొనవలెను. మానుమన్నది జ్ఞాపకముండి, మొదలుపెట్టుమన్నది మరచిపోయి పక్షవాతము తెచ్చుకొన్నవారు కలరు.

తొందరగ ఆపరేషను చేయవలసివచ్చినచో, అనగా స్నానపు గదిలో జారిపడి తుంటి విరిగినను, రోడ్డుప్రమాదము జరిగినను, అయిదు దినములు ఆగుటకు వీలుండదు. అప్పుడు విరుగుడు ఇత్తురు. వార్ఫరిన్‌కును ఎసిట్రోమ్‌కును విరుగుడు విటమిన్ కె. అది కాలేయములో పనిచేయుటకు గంటలు పట్టును గనుక, ఆలోపల తయారైయున్న మాంసకృత్తులనో, దాతల రక్తద్రవమునో ఎక్కింతురు. హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్. డాబిగాట్రాన్‌కు 2015లో వచ్చిన ఇడారుసిజుమాబ్. ఒకదాని విరుగుడు మరియొకదానికి పనిచేయదు. కనుక మాత్ర పేరు, మోతాదు, ఏ జబ్బునకు ఇచ్చినారో, కడపటి ఐ.ఎన్.ఆర్. ఎంతయో ఒక చిన్న కార్డుమీద వ్రాసి, నడకకు పోవునప్పుడును చొక్కాజేబులో నుంచుకొనవలెను. స్పృహ తప్పి పడియున్నవారిని వైద్యుడు ఆ పేరు అడుగలేడు గదా!